నాలుగో మాట

చిరంజీవి బుల్లెమ్మకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నాయనమ్మ మోకాలు ఒక్కటి తప్పిస్తే ఇంటిల్లిపాదీ క్షేమమే. అక్కడ నువ్వు వేళకి తిని వేళకి నిద్రపోతున్నావని నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నమ్మకం కాస్త తక్కువే అనుకో.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా నాయనమ్మ దాన్ని దిండు కింద దాచి, దాని మీదే పడుకుంది. ఆవిడకి చదువు రాకపోయినా కవరు తడిమి, "ఈసారి మందంగా ఉందే, పిల్లకేదో చిక్కొచ్చింది" అని ముందే తేల్చేసింది. విప్పి చదివితే ఆవిడ అన్నదే నిజమైంది. ఇక ఇరుగుపొరుగు వాళ్ల కవర్లన్నీ తడిమి జాతకాలు చెప్తానంటుందేమోనని నాకు భయంగా ఉంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. లేకపోతే "నేనడిగింది గాలికొదిలేసి నీ సొద రాశావు" అంటావు. నాయనమ్మ నువ్వు పంపిన మోకాలి పట్టీ వేసుకుంటోంది. తగ్గిందా అని అడిగితే "నొప్పి తగ్గలేదు గానీ పరువుగా ఉంది" అంటోంది. బూట్లు అర సైజు పెద్దవి తీసుకో. పొద్దుటికీ సాయంత్రానికీ పాదాలు ఒకే కొలతలో ఉండవని రోజంతా నిలబడే నీకు నేను చెప్పక్కర్లేదు. సెలవు వాయిదా వేసుకున్నందుకు మీ నాన్న అలగలేదు. "మా స్టేషన్లో నీళ్ల పంపులకి సెలవుంటుందా, రోగులకి సెలవుంటుందా" అని ఊరుకున్నారు. అలిగితే ఆయన నోట ఆ మాట కూడా రాదని నీకు తెలుసు కదా.

వార్డు రిజిస్టరులో ఇంగ్లీషున 'ఏక్' (ache) అని ఎప్పుడు రాయాలి, 'పెయిన్' అని ఎప్పుడు రాయాలి అని అడిగావు. రెండిటికీ మన దగ్గర ఉన్నది నొప్పి అన్న ఒక్క మాటే కాబట్టి నీకు ఆ అనుమానం వచ్చింది. ఏక్ అనేది వచ్చి ఇంట్లో ఉండిపోయిన చుట్టం. సణుగుతూ ఓ మూల కూర్చుంటుంది. పెయిన్ తలుపు బాదే చుట్టం. నాయనమ్మ మోకాలిది ఏక్. మంచం కోడు తగిలి కాలివేలు విరిగినంత పనైతే అది పెయిన్. ఇంతకు మించి నాకూ తెలియదు, కానీ ముప్ఫై ఏళ్లుగా ఈ లెక్కతోనే నెట్టుకొస్తున్నాను.

మా లాండ్రీలో మాటల పంచాయితీ మామూలే. మొన్న ఒక హోటలు వాళ్లు పన్నెండు దుప్పట్లు వెనక్కి పంపి, 'టోర్న్' అని రాశారు. మేం వాటిని చూసి, 'వోర్న్' అని జవాబు రాశాం. టోర్న్ అంటే ఎవరో చింపారు. వోర్న్ అంటే ఎవరి తప్పూ లేదు, వాడగా వాడగా అదే అరిగిపోయింది. వాళ్లు మళ్లీ టోర్న్ అన్నారు, మేం మళ్లీ వోర్న్ అన్నాం. నాలుగు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగేసరికి దుప్పట్లు ఎలాగూ ఉతికే అమ్మాయిల చేతిలో నేల తుడిచే గుడ్డలైపోయాయి. వెనకటికి ఇలాంటి పక్కపక్క మాటలు నాలుగు సంపాదించడానికి నాకో వేసవి పట్టేది. ఇప్పుడు కంప్యూటర్లో ఒక మాట మీద నొక్కితే పది బయటపడుతున్నాయి. కొత్తగా చేరిన అమ్మాయి వాటిలో పొడుగ్గా ఉన్నది ఏరి పెడుతుంది. నేను తీసేస్తుంటాను. ఎందుకు తీసేస్తానో ఆ అమ్మాయికి చెప్పలేదు. నీకు చెప్పాలి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న.

మీ వార్డులో పెద్ద నర్సు, నువ్వు పొడుగక్క అని పిలిచే ఆవిడ, ఒక ముసలాయనకి సాయంత్రం ఇవ్వాల్సిన మాత్ర ఇవ్వలేదు. రాత్రి డ్యూటీ వాళ్లు చూసి ఇచ్చారు. ముసలాయనకి ఏమీ కాలేదు గానీ ఆయన కొడుకులు పైదాకా ఫిర్యాదు చేశారు. ఆ సాయంత్రం ఆవిడతో డ్యూటీలో ఉన్నది నువ్వే కాబట్టి చూసింది ఇంగ్లీషులో రాసి ఇమ్మన్నారు. వచ్చే నెల మొదటి సోమవారం కమిటీ కూర్చుంటుంది, అది చూసి ఆవిడని ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. ఇంతవరకు నాకు సరిగ్గానే అర్థమైంది కదా.

నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు చక్కగా ఉంది, ఒక్క కామా కూడా దిద్దక్కర్లేదు. దాని కింద నువ్వు రాసిన రెండు ముక్కలు మాత్రం పదిసార్లు చదివాను. "అమ్మా, మొదట 'ఫర్‌గాట్' అని రాశాను. కింద మళ్లీ ఫర్‌గాట్ వచ్చింది. ఒకే పేజీలో ఒకే మాట రెండుసార్లు రాకూడదని నువ్వే నేర్పావు కదా, అందుకని రెండోచోట 'నెగ్లెక్టెడ్' అని మార్చాను. రెండూ ఒకటేగా. మా ఇన్‌ఛార్జి కూడా అదే బాగుందంది."

అది చదివాక కాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను. పొయ్యి వెలిగించానో లేదో కూడా చూసుకోలేదు.

ఫోన్లో చెప్పేయొచ్చు కదా అంటావు. మీ హాస్టల్ ఫోను వరండాలో ఉంది, వెనక నలుగురు వరసలో నిలబడి ఉంటారు. పైగా ఫోన్లో నువ్వు "సరేలే అమ్మా, ఉంటా" అనగానే నేనూ హమ్మయ్య అనుకుని పెట్టేస్తాను. కాగితం మీద అలా తప్పించుకోవడం కష్టం.

ఆ నియమం నాది కాదు. నాకు టైపు నేర్పిన మాస్టారిది. ఆయన మెషిన్ల మధ్య బెత్తం పట్టుకుని తిరుగుతూ, "ఒక పేజీలో ఒకే మాట రెండుసార్లు వస్తే నీ సంచిలో ఉన్నది అదొక్కటేనని చదివేవాడికి తెలిసిపోతుంది" అనేవారు. మా బ్యాచిలో అందరం ఆ మాటని శిలాశాసనంలా పట్టుకున్నాం. నేనొక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమపక్క ఒక తెలుగు మాట, కుడిపక్క దానికి దొరికినన్ని ఇంగ్లీషు మాటలు. తప్పు అన్నదాని ఎదురుగా నాలుగు రాసుకున్నాను. మిస్టేక్, ఎర్రర్, లాప్స్, నెగ్లిజెన్స్. నిఘంటువులో నాలుగిటికీ పొరపాటు, అజాగ్రత్త అని కాస్త అటూ ఇటూగా ఒకే అర్థం ఇచ్చారు. నాలుగు రంగుల పూసలు దొరికినంత సంబరపడ్డాను.

లాండ్రీలో టైపిస్టుగా చేరిన రెండో ఏడు ఒక సంగతి జరిగింది. అప్పుడు అంతా ఆవిరి మీదే నడిచేది. వెనక షెడ్డులో పెద్ద బాయిలరు ఉండేది. ఒక సాయంత్రం దాంట్లో నీళ్లు అడుగంటిపోయాయి. నీళ్లు లేకపోతే కరిగిపోయే సీసపు బిళ్ల ఒకటి ఉంటుంది, అది కరిగి ఆవిరంతా కొలిమిలోకి తన్నేసింది. బాయిలరు చూసే మనిషి పారిపోకుండా మంట ఆర్పాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు, అతనికి మాత్రం చెయ్యి కాలింది. అతన్ని ఆసుపత్రిలో చేర్చారు. బాయిలరు తొమ్మిది రోజులు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరుగారు నన్ను పిలిచి, సాయంత్రంలోగా హెడ్డాఫీసుకి రిపోర్టు వెళ్లాలన్నారు. ఆయన సంతకం పెట్టేవారే గానీ, ఇంగ్లీషు కూర్చేది నేనే. ఏం జరిగిందని ఫోర్‌మన్‌ని అడిగాను. "ఏముందమ్మా, వాడు పొరపాటు పడ్డాడు, నీళ్లు చూసుకోలేదు" అన్నాడు. నేను ఒక పేజీ రిపోర్టు టైపు చేశాను. మొదటి పేరాలో మిస్టేక్ అన్నాను. రెండో పేరాలో మళ్లీ ఆ మాటే రావాల్సి వచ్చింది కాబట్టి ఎర్రర్ అన్నాను. మూడో దాంట్లో లాప్స్. చివరి వాక్యానికి వచ్చేసరికి నా సంచిలో మిగిలింది ఒక్కటే. ఈ నష్టమంతా సదరు ఉద్యోగి నెగ్లిజెన్స్ వల్ల జరిగిందని ముగించాను. మేనేజరుగారు చదివి, "ఎంత అందంగా ముగించావమ్మా" అన్నారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పదిహేను రోజులకి హెడ్డాఫీసు జవాబు వచ్చింది. మీ రిపోర్టే నెగ్లిజెన్స్ అని తేల్చింది కనుక ఆ ఉద్యోగిని తొలగించవలసిందని, అతని బాయిలరు సర్టిఫికెట్ రద్దుకి రాస్తున్నామని ఉంది. మిగతా మూడు మాటల ఊసే లేదు. నెగ్లిజెన్స్ ఒక్కదాన్నే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. అప్పుడు వెళ్లి ఆఫీసులో ఉన్న పెద్ద నిఘంటువు తీశాను. మిస్టేక్ అందరూ చేసేది. ఎర్రర్ లెక్క తప్పడం. లాప్స్ క్షణం సేపు మనసు జారడం. నెగ్లిజెన్స్ అంటే జాగ్రత్తగా ఉండాలని తెలిసి కూడా ఉండకపోవడం, పట్టించుకోకపోవడం. మొదటి మూడూ మనిషి భుజం తడతాయి. నాలుగోది కాలరు పట్టుకుంటుంది.

మేనేజరుగారి గదిలోకి వెళ్లి, "సార్, ఆ ఒక్క మాట మార్చి మళ్లీ పంపొచ్చా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి, "వెళ్లిన కాగితం వెళ్లిపోయిందమ్మా. అయినా అన్నీ ఒకటేగా" అన్నారు. బయటికొచ్చి తొలగింపు ఉత్తరం కూడా నేనే టైపు చేశాను. ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఆ తరవాతి వారం ఒక మనిషి ఎడమ చేతికి కట్టుతో మా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. కాగితాలేవో తీసుకుని, వెళ్లకుండా నిలబడ్డాడు. "మీరు ఇంగ్లీషు బాగా రాస్తారటగా. నాకో ఉద్యోగం దరఖాస్తు రాసిపెడతారా?" అన్నాడు. నీకీపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఆ బాయిలరు మనిషి మీ నాన్న.

బాయిలరు దగ్గర విసుగొచ్చి తానే మానేశానని ఆయన నీతో చెప్పారు. చిన్నపిల్లవి, చేతి మీద ఆ మచ్చ ఏంటని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. మానెయ్యలేదు, తీసేశారు. తీసేయించింది నా మాట. రిపోర్టు కింద మేనేజరుగారి సంతకమే ఉంది కాబట్టి రాసింది నేనని ఆయనకి తెలియదు.

మొత్తం అయిదు దరఖాస్తులు రాశాను. పాత పని ఎందుకు వదిలారు అన్న గడి దగ్గర మొదటిసారి మూడు కాగితాలు పాడుచేశాను. తీసేశారంటే ఎవరూ పిలవరు, మానేశారంటే అబద్ధం. చివరికి 'రిలీవ్డ్' అని పెట్టాను. పని నుంచి పంపించారు అని చెప్తుందే గానీ, ఎందుకు పంపించారో ఆ మాట నోరు విప్పదు. నీళ్ల పంపుల స్టేషన్లో ఆయనకి పని దొరికింది దానితోనే. ఒక మాటతో గోతిలోకి తోసి, ఇంకో మాటతో పైకి లాగాను.

జాలితో చేసుకున్నావా అని అడుగుతావు. నీ నోరు నాకు తెలుసు. మొదటి దరఖాస్తు జాలితో రాశాను. మూడోది రాసేటప్పటికి ఆయన చెప్పే పంపుల కబుర్లు బాగున్నాయనిపించింది. అయిదోది వారంలో అయిపోయేదాన్ని నెల రోజులు రాశాను. మీ నాన్నని ఇష్టపడే చేసుకున్నాను బుల్లెమ్మా, ఆ విషయంలో నా నోటుబుక్కులో రెండో మాట లేదు.

కానీ ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఒక మాట అంటారు, నువ్వు వెయ్యిసార్లు విని ఉంటావు. "మా ఆవిడ ఇంగ్లీషే లేకపోతే నేను ఈపాటికి రోడ్డు మీద ఉండేవాణ్ణి." అలా అన్నప్పుడల్లా నేను మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఇరవై నాలుగేళ్లలో మన ఇంటికి వచ్చిన వాళ్లకి దాహం వేసినా వెయ్యకపోయినా మంచినీళ్లు అందాయి.

నేను చేసిన పాపం చాలదన్నట్టు, నీకు పదేళ్లప్పుడు మాస్టారి నియమం నీకూ నేర్పాను. నీ వ్యాసాలు దిద్దుతూ, రెండోసారి వచ్చిన ప్రతి మాట కిందా ఎర్ర గీత గీశాను. నీకూ అలాంటి నోటుబుక్కు కొనిచ్చాను. ఇప్పుడు ఆ గీతే పోయి మీ పొడుగక్క మీద పడబోతోంది.

అందుకని నా జవాబు ఇది. ఫర్‌గాట్ అంటే మరిచిపోయింది. నెగ్లెక్టెడ్ అంటే తెలిసీ చెయ్యలేదు. రెండోచోట కూడా ఫర్‌గాట్ అనే రాయి. బడిపిల్లల ఇంగ్లీషులా ఉందని మీ ఇన్‌ఛార్జి అంటే అననీ.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకుండా పోస్టు చెయ్యడం నాకు చేతకావడం లేదు. ఆయనకి చెప్పకముందే నీకు చెప్పడం ఇంకో తప్పు అవుతుంది. ఇవాళ ఆదివారం, ఇంట్లోనే ఉన్నారు. వెనక వసారాలో స్టూలు మీద కూర్చుని రేడియో విప్పుతున్నారు. ఈ కాగితాలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెడుతున్నాను. మిగతాది తరవాత రాస్తాను.

ఇవాళ బుధవారం.

ఆదివారం ఆయన చదవడానికి గంట పైనే పట్టింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఏ కాగితం దాకా వచ్చారో లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. అయిపోయాక కాగితాలు అంచులు కలిపి సర్ది, రేడియో పక్కన పెట్టి, మొహం కడుక్కుని బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు. సాయంత్రం వచ్చి పెట్టింది తిన్నారు. సోమవారమంతా నాతో మాట్లాడలేదు. నాయనమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏమే, మీ ఇద్దరూ కూడా ఉత్తరాలు రాసుకుంటున్నారా ఏంటి, మాటలు వినపడట్లేదు?" అంది. ఆయన నవ్వలేదు. నాకు భయం వేసింది. ఇన్నేళ్లలో మీ నాన్న అంటే నాకు భయం వేసింది అప్పుడే.

మంగళవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆయనే మొదలుపెట్టారు.

"అది నువ్వేనా రాసింది?"

"నేనే."

"ఇన్నాళ్లూ మేనేజరు అనుకున్నాను. ఆయన మంచాన పడ్డప్పుడు ఒకసారి చూడాలని కబురు పెట్టాడు. నేను వెళ్లలేదు. పోయాక కూడా వెళ్లలేదు."

ఆ సంగతి నాకు తెలియదు బుల్లెమ్మా. చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాను.

ఆయనే మళ్లీ, "తప్పుకి నాలుగు మాటలు వెతికావు. నన్నొక్క మాట అడగలేదేం?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మీరు ఆసుపత్రిలో ఉన్నారు. సాయంత్రంలోగా పంపాలన్నారు" అన్నాను.

"ఆసుపత్రి ఎంత దూరమని? దుప్పట్లు తేవడానికి మన లాండ్రీ బండి రోజుకి రెండుసార్లు వచ్చేది అక్కడికి. నేను పడుకున్న దుప్పటి కూడా మీరు ఉతికిందే."

నిజమే. ఆ బండి నా కిటికీ ముందు నుంచే వెళ్లేది. డ్రైవరు పక్కన సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆ రోజు నాకు ఆ ఆలోచనే రాలేదు. రిపోర్టులో ఏ మాట పెట్టాలన్న ధ్యాసే గానీ, అడగాల్సిన మనిషి ఒకడున్నాడన్న ధ్యాస లేదు.

అప్పుడు అడిగాను. ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా, "ఆ రోజు అసలేం జరిగింది?" అని అడిగాను. ఇన్నేళ్లూ ఒకే మంచం మీద పడుకుంటూ కూడా ఎందుకు అడగలేదంటే, ఆ రోజు ఆయన నీళ్లు చూడడం మరిచిపోయి ఉంటారని నా మనసులో ఖాయమైపోయింది. దాన్ని కదిపితే నా తప్పు ఇంకా పెద్దదని తేలుతుందేమోనని కదపలేదు.

ఆయన చెప్పారు. బాయిలరుకి ముందువైపు ఒక గాజు గొట్టం ఉంటుంది, లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో దాంట్లో కనపడుతుంది. ఆ గాజు ఏళ్ల తరబడి మార్చక, నీళ్లు నిలిచే చోట గోధుమరంగు గీత కట్టింది. కొత్త గాజు కావాలని ఆయన ఫోర్‌మన్‌ని రెండుసార్లు అడిగారు. వచ్చే నెల చూద్దామన్నాడట. "ఆరింటికి చూశాను. ఆరుంబావుకి చూశాను. ఆరున్నరకి చూశాను. మూడుసార్లూ గీత అక్కడే ఉంది. నీళ్లనుకున్నాను. అవి నీళ్లు కావు, గాజుకి పట్టిన మురికి" అన్నారు.

అంటే ఆయన నిర్లక్ష్యం చెయ్యలేదు. మరిచిపోనూ లేదు. చూశారు, చూసి మోసపోయారు. నా నాలుగు మాటల్లో నాలుగోదే కాదు, ఫోర్‌మన్ చెప్పిన 'చూసుకోలేదు' అన్నదీ అబద్ధమే. నీకు ఆదివారం నాడు అంత ధీమాగా రాశానే, ఫర్‌గాట్ అని రాయమని, అది కూడా నాకు తెలియకుండా ఇచ్చిన తీర్పే.

"మరి ఇదంతా అప్పుడే ఎవరితోనూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఎవరితో చెప్పను? కాగితం ఇంగ్లీషులో వచ్చింది. ఇంగ్లీషులో వచ్చినదాన్ని తెలుగులో కాదనడం ఎలాగో నాకు తెలియలేదు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. లేచి, నా కంచం కూడా తీసి తొట్టిలో పెట్టి వెళ్లి పడుకున్నారు. కోపం పోయిందా అంటే పోలేదు. పోవాలని నేను అడగనూ లేదు. ఈ పొద్దున టీ తాగుతూ, "అమ్మాయికి ఆ ఉత్తరం పంపావా?" అన్నారు. లేదన్నాను. "పంపేటప్పుడు ఇది కూడా రాయి. ముందు ఆ పొడుగమ్మాయిని కూర్చోబెట్టి ఏం జరిగిందో అడగమను. ఏ మాట రాయాలో తరవాత సంగతి" అన్నారు.

అందుకని ఆదివారం ఇచ్చిన జవాబు కొట్టేస్తున్నాను. ఫర్‌గాట్ కాదు, నెగ్లెక్టెడ్ కాదు, ఇప్పుడే ఏదీ రాయకు. నువ్వు చూసింది ఆ మాత్ర ఇవ్వకపోవడం ఒక్కటే. ఎందుకివ్వలేదో నువ్వు చూడలేదు. ఆ సాయంత్రం వార్డులో ఎంతమంది రోగులున్నారో, ఆవిడని మధ్యలో ఎవరు పిలిచారో, మాత్రల పెట్టె ఎవరి చేతిలో ఉందో, ముసలాయన నిద్రలో ఉన్నాడో మేలుకున్నాడో ఆవిడకే తెలుసు. నిజంగా పట్టించుకోలేదని తేలితే అదే రాయి, ఆవిడ మీద ప్రేమతో దాచమని నేను చెప్పను. కానీ అడిగి రాయి. ఆవిడ గది నీ గదికి ఎన్ని అడుగుల దూరమో నువ్వే లెక్కపెట్టుకో. కమిటీ కూర్చునే సోమవారానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. నాకిచ్చింది ఒక్క పూట.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఇందాక టీ గ్లాసు కింద పెట్టి మీ నాన్న డ్యూటీకి బయల్దేరబోయి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒక కాగితం తీసుకో. ఆ రిపోర్టు మళ్లీ రాయి" అన్నారు.

"ఎవరికి పంపడానికి?"

"ఎవరికీ కాదు. నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో రాయి."

ఆయన తెలుగులో చెప్తుంటే నేను రాశాను. ఆరింటికి గాజు చూశాను అన్నారు. 'లుక్డ్' అని రాశాను. ఆరుంబావుకి చూశాను అన్నారు. మళ్లీ 'లుక్డ్' అనే రాశాను గానీ మనసు పీకుతూనే ఉంది. ఆరున్నరకి చూశాను అనేసరికి నా చెయ్యి ఆగిపోయింది. 'చెక్డ్', 'అబ్జర్వ్డ్', 'ఎగ్జామిన్డ్' అన్నీ వరసకట్టి కలం దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

"ఏమైంది?" అన్నారు.

"అదే మాట మళ్లీ వస్తోంది."

"మూడుసార్లు చూశాను" అన్నారు మీ నాన్న. "మూడుసార్లూ రాయి."

రాశాను.

ఇట్లు,
మీ అమ్మ